దీపం ముందు నవ్వు: బళ్ళారి సీమ తోలుబొమ్మలాటలో దైవమూ హాస్యమూ

దేవుని రూపాన్ని గీతల్లోకి దించి, ఆ గీతలకు కదలికను ఇచ్చి, కదిలే ఆ రూపం పక్కనే జనాన్ని నవ్వించే మరో రూపాన్ని నిలబెట్టవచ్చునా అన్నది కార్టూన్ పత్రికలూ యానిమేషన్ చిత్రాలూ వచ్చిన తరువాత పుట్టిన ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి బళ్ళారి సీమలో ఈ ప్రశ్న ఎన్నో తరాలుగా తెల్లని గుడ్డ తెర మీద, ఆముదపు దీపపు వెలుగులో, తోలుబొమ్మల రూపంలో రాత్రంతా ఆడుతూనే ఉంది. ఆ తెర మీద శ్రీరాముడు వచ్చి వెళ్ళిన చోటికే బానపొట్టతో, చింపిరి జుట్టుతో విదూషకుడు కిళ్ళేక్యాత వస్తాడు. సీత శోకించిన చోటనే అతని పెళ్ళాం బంగారక్క తగువుకు దిగుతుంది. పూజకు అర్హమైన బొమ్మా, పరిహాసానికి పుట్టిన బొమ్మా ఒకే తెరను పంచుకోవడంలో అపచారం ఏమైనా ఉందా, లేక లోతైన తత్త్వమేదైనా ఆ ఏర్పాటులో ఇమిడి ఉందా అన్నది ఈ వ్యాసపు విచారణ.

బళ్ళారి సరిహద్దు సీమ కావడం ఈ విచారణకు సంబంధం లేని విషయం కాదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారపోసిన దత్తమండలాలలో భాగమై, మద్రాసు రాష్ట్రంలో నూటయాభై ఏళ్ళకు పైగా ఉండి, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోగా మిగిలిన తాలూకాలతో మైసూరు రాష్ట్రంలో చేరిన జిల్లా ఇది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ వంటివారు తెలుగు నాటకానికి ఆధునిక రూపం ఇచ్చింది ఈ ఊరి నుంచే. 2021లో హంపి, హోసపేటలతో కూడిన పడమటి భాగం విజయనగర జిల్లాగా విడిపోయినా, సంస్కృతి విషయంలో ఈ సీమను ముక్కలుగా చూడటం కుదరదు. ఇక్కడి బొమ్మలాట కుటుంబాలు ఇంట్లో మరాఠీ యాసలో మాట్లాడుకుంటూ, తెర వెనుక నిలబడినప్పుడు కన్నడంలోనో తెలుగులోనో రామాయణ భారతాలను పాడతాయి. కన్నడం వైపు ‘తొగలు గొంబెయాట’ అనీ, తెలుగు వైపు ‘తోలుబొమ్మలాట’ అనీ వ్యవహరించే ఈ కళలో భాషల గట్లు ఎప్పుడూ పలచగానే ఉన్నాయి.

బొమ్మల వరుసతో కథ చెప్పే పద్ధతి ఈ సీమకు కామిక్ పుస్తకాలతో వచ్చింది కాదు. హంపిలోని హజారరామ దేవాలయం పదిహేనవ శతాబ్దపు తొలినాళ్ళ కట్టడం. దాని ప్రధాన మండపపు వెలుపలి గోడల మీద రామాయణ కథ మూడు వరుసలుగా, చట్రాలు కట్టినట్టు చెక్కి ఉంది. ప్రదక్షిణ మార్గంలో నడిచే భక్తుని అడుగులతో పాటే కథ ముందుకు సాగుతుంది. కథ మొత్తం చూడాలంటే మళ్ళీ మళ్ళీ చుట్టి రావలసిందే. ఇక్కడ చదవడమూ ప్రదక్షిణమూ ఒకే క్రియ. ఒక చట్రంలో ఉన్న రాముడే పక్క చట్రంలోనూ కనిపిస్తే ఇద్దరు రాములున్నారని ఎవరూ భ్రమపడరు. రెండు చట్రాల నడుమ గడిచిన కాలాన్ని చూపరి తన మనసులోనే పూరించుకుంటాడు. నేటి కామిక్ పుటలు చదివే పిల్లలు చేసే పని సరిగ్గా ఇదే. ఆవరణ ప్రాకారపు వెలుపలి గోడల మీద మాత్రం ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యమాడే స్త్రీలు ఉన్నారు. లోకపు సందడి బయట, దైవకథ లోపల అన్న విభజనను రాతిశిల్పం పాటించింది. తోలుబొమ్మల తెర ఆ గోడను తీసివేసింది.

తోలుబొమ్మ తయారీని కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కళలోని తత్త్వం దాని పనితనంలోనే ఉంది. మేకతోలును శుభ్రపరచి, వెంట్రుకలు పోయేలా గీకి, వెలుగు దూరేంత పలచగా చేసి ఆరబెడతారు. దాని మీద రూపురేఖలు గీసి, నగల చోట, అంచుల చోట ఉలితో సన్నని రంధ్రాలు పొడిచి, రెండు వైపులా రంగులు వేస్తారు. మెడ, భుజం, మోచేయి, నడుము, మోకాలు వంటి కీళ్ళ దగ్గర ముక్కలను వదులుగా కుట్టడం వల్ల బొమ్మకు కదలిక వస్తుంది. ఆంధ్ర ప్రాంతపు బొమ్మలు నిలువెత్తుకు దగ్గరగా ఉంటే, కర్ణాటకలో చిన్నవే ఎక్కువ. అక్కడ దేవతలకూ రాజులకూ పెద్ద బొమ్మలు, సామాన్యులకు చిన్న బొమ్మలు చేసే ఆనవాయితీ ఉంది. తెర మీద పడేది జావా దేశపు ఆటలోలాగా నల్లని నీడ కాదు. దీపపు కాంతి తోలు గుండా ప్రసరించి, రంగుల వెలుగుగా గుడ్డ మీద వాలుతుంది. పదమూడవ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఈ ఆటను ప్రస్తావించాడు. తెలుగు బృందాలకు రంగనాథ రామాయణపు ద్విపద పాట తరతరాల ఆధారం.

ఆట వినాయక, సరస్వతుల ప్రార్థనతో మొదలవుతుంది. ఆ తరువాత కథ నడుస్తూ ఉండగా, తెలుగు తెర మీద జుట్టుపోలిగాడు, కేతిగాడు, బంగారక్క, కన్నడ తెర మీద కిళ్ళేక్యాత, బంగారక్క మధ్యమధ్యలో చొరబడతారు. వారు కథలో పాత్రలు కారు, కథకు బయటివారు. యుద్ధానికీ శోకానికీ నడుమ వచ్చి, మొగుడూ పెళ్ళాల పోట్లాటలు, తిండియావ, కామచేష్టలు, ఊళ్ళో పెద్దమనుషుల నడవడి, ఇవన్నీ మోటుమాటలతో బయటపెడతారు. వారి రూపకల్పనలో అతిశయోక్తే ప్రాణం. పొట్ట పెద్దది, పెదవులు మందమైనవి, అవయవాలు కొలతకు మించి సాగినవి. వ్యంగ్య చిత్రకారుడు నేడు కాగితం మీద చేసే పనిని, అంటే ఒక లక్షణాన్ని పట్టుకుని దాన్ని పెంచి మనిషిని గుర్తుపట్టించడాన్ని, ఉలితో తోలు మీద చేశారు. రాముని బొమ్మ శిల్పశాస్త్రపు నిష్పత్తికి లొంగి ఉంటే, కిళ్ళేక్యాత బొమ్మ ఆ నిష్పత్తిని కావాలనే తప్పుతుంది. అంటే ఈ కళాకారులకు రెండు గీతల భేదమూ తెలుసు. తెలిసే రెంటినీ ఒక తెర మీదికి తెచ్చారు.

ఇదే ప్రశ్న ఆధునిక కాలంలో రాజ్యవ్యవహారంగా కూడా ఎదురైంది. 1980లలో జపాన్ దర్శకుడు యుగో సాకో రామాయణాన్ని యానిమేషన్ చిత్రంగా తీయాలని, రెండు దేశాల ఉమ్మడి ప్రయత్నంగా భారత ప్రభుత్వానికి ప్రతిపాదించినప్పుడు, రామాయణం చాలా సున్నితమైన విషయమనీ దాన్ని కార్టూన్‌గా చూపడం తగదనీ ఆ ప్రతిపాదనను చివరకు తోసిపుచ్చారు. ఆ చిత్రం జపాన్‌లో తయారై, భారతీయ యానిమేషన్ రంగపు పెద్ద రామ్ మోహన్ కూడా దర్శకత్వంలో పాలుపంచుకొనగా 1990ల తొలినాళ్ళలో వెలువడింది. 2025 జనవరిలో తెలుగుతో సహా కొన్ని భాషల్లో భారతీయ థియేటర్లకు తిరిగి వచ్చింది. అప్పటి అభ్యంతరం వెనుక ఒక ఊహ ఉంది: గీసిన బొమ్మ కదిలితే అది కార్టూన్, కార్టూన్ అంటే నవ్వు, నవ్వంటే అగౌరవం. ఈ మూడు మెట్లలో ఏ ఒక్కటీ తోలుబొమ్మల తెర ముందు నిలవదు. కిష్కింధగా జనం నమ్మే ఆనెగొంది, ఋష్యమూక ప్రాంతాల్లోనే రామకథను కదిలే బొమ్మలతో, విదూషకుల నడుమ, ఊరంతా మొక్కుబడిగా ఆడించుకున్నారు.

బొమ్మలోని దేవుడు ఎంత మేరకు దేవుడన్న ప్రశ్నను భారతీయ తత్త్వవేత్తలు నాటకం విషయంలో సూక్ష్మంగా విచారించారు. తొమ్మిదవ శతాబ్దపు ఆలంకారికుడు శంకుకుని వాదాన్ని అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యలో ఉదహరించి చర్చించాడు. పటం మీద గీసిన గుర్రాన్ని చూసి ‘ఇది గుర్రం’ అనుకోవడం నిజమైన జ్ఞానం కాదు, ఎందుకంటే అక్కడ గుర్రం లేదు. భ్రాంతీ కాదు, ఎందుకంటే దాని మీద ఎక్కి పోవాలని ఎవరూ బయలుదేరరు. గుర్రమో కాదో అన్న సంశయం కాదు. గుర్రంలాంటిది అన్న పోలిక మాత్రమే కూడా కాదు. ఈ నాలుగింటికీ భిన్నమైన ఐదవ తెలివిడికి ‘చిత్రతురగ న్యాయం’ అని పేరు. తురగమంటే గుర్రం, చిత్రంలోని గుర్రాన్ని ఆధారంగా చేసుకున్న తర్కమన్నమాట. అభినవగుప్తుడు శంకుకుని మొత్తం సిద్ధాంతాన్ని అంగీకరించకపోయినా, ఈ దృష్టాంతం నిలిచిపోయింది. తెర మీద రాముని బొమ్మ కనిపించినప్పుడు చేతులు జోడించే ముసలమ్మ తోలును రాముడనుకునేంత అమాయకురాలు కాదు. తోలే కదా అని తేలికగా తీసుకునే మనిషీ కాదు. ఆలయ విగ్రహానికి నేత్రోన్మీలనమూ, అంటే శాస్త్రోక్తంగా కన్నులు తెరిపించడమూ, ప్రాణప్రతిష్ఠా ఉంటాయి గనుక అక్కడ సాన్నిధ్యం నిత్యం. బొమ్మలో అది ఆట నడిచినంత సేపు, పాట నడిచినంత సేపు మాత్రమే ఉంటుంది. అయితే ఆ కొద్ది సేపటి సాన్నిధ్యాన్ని కూడా ఆ కుటుంబాలు తేలికగా చూడలేదు. శిథిలమైన బొమ్మలను చెత్తలో పారవేయకుండా నీటిలో కలిపే ఆచారమే అందుకు సాక్ష్యం.

ఇక నవ్వు సంగతి. నాట్యశాస్త్రపు ఆరవ అధ్యాయం హాస్యం శృంగారం నుంచి, దాని అనుకరణ రూపంగా పుడుతుందని చెప్పి, శృంగారానికి విష్ణువునూ హాస్యానికి ప్రమథులనూ అధిదేవతలుగా నిర్ణయించింది. ప్రమథులంటే శివుని పరివారమైన గణాలు. పొట్టివారు, బొజ్జవారు, వికార ముఖాలవారు, చిందులు వేసేవారు. నవ్వుకు కూడా ఒక దైవతమున్నదనీ, ఆ దైవతం కైలాసపు వాకిట్లోనే ఉన్నదనీ శాస్త్రమే ఒప్పుకున్నప్పుడు, బొజ్జ కిళ్ళేక్యాతను దైవమండలానికి పరాయివాడుగా చూడటానికి ఆధారం తక్కువ. అభినవగుప్తుడు ఇంకో అడుగు వేసి, ఏ రసమైనా అనౌచిత్యంతో, అంటే తగనితనంతో కూడినప్పుడు దాని ఆభాసగా, ఉత్త పైపోలికగా మారి హాస్యానికి కారణమవుతుందని వివరించాడు. సీత మీద రావణుడు చూపే ప్రేమ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. రావణుని బొమ్మ ఎంత గంభీరంగా ప్రేమ మాటలు పలికినా అందులో నవ్వు దాగి ఉంటుంది. ఆ వెంటనే బంగారక్క వెంటపడుతూ వచ్చే విదూషకుడు ఆ దాగిన నవ్వును బట్టబయలు చేస్తాడు. హాస్య ఘట్టం ఈ విధంగా కథకు వ్యాఖ్యానమవుతుంది. దాన్ని విరామంగా మాత్రమే చూసిన విమర్శకులు సగమే చూశారు.

ఈ సీమకే చెందిన మరొక తాత్త్విక ఆధారం ఇంతకన్నా బలమైనది. విజయనగర స్థాపనతో సంప్రదాయం ముడివేసిన విద్యారణ్యుల పల్లకీ ఊరేగింపు హంపి విరూపాక్షాలయ రంగమండపపు కప్పు మీద వర్ణచిత్రంగా నేటికీ ఉంది. స్థాపనలో వారి పాత్ర ఎంతన్నది చరిత్రకారుల వివాదంలో ఉన్నా, పద్నాలుగవ శతాబ్దపు అద్వైతంలో వారి స్థానం వివాదం లేనిది. వారి పేరిట ప్రసిద్ధమైన పంచదశిలో పదిహేను ప్రకరణాలుండగా, ఆరవది చిత్రదీపం. చిత్రకారుడు వాడే వస్త్రానికి నాలుగు దశలు చెప్పి, వాటితో పరమాత్మ నాలుగు అవస్థలను అక్కడ పోల్చారు. ఉతికిన తెల్లని గుడ్డ ధౌతం, అది శుద్ధ చైతన్యం. గంజి పెట్టి బిగించినది ఘట్టితం, అది మాయతో కూడిన అంతర్యామి. రేఖలు గీసినది లాంఛితం, అది సూక్ష్మసృష్టికి ఆధారమైన సూత్రాత్మ. రంగులు నింపినది రంజితం, అది కంటికి కనిపించే విరాట్టు. ఆ తరువాత వచ్చే మాట మరింత ఆశ్చర్యకరం. పటంలోని మనుషులకు చిత్రకారుడు బట్టలు కూడా వేస్తాడు. ఆ బట్టలు బట్టల్లాగే కనిపిస్తాయి గాని, అక్కడ నిజంగా ఉన్న బట్ట ఒక్కటే, పటపు వస్త్రం. అలాగే జీవులలో కనిపించే చైతన్యం ఆ ఒక్క చైతన్యపు ఆభాస మాత్రమేనని విద్యారణ్యులు నిరూపిస్తారు. పటంలో రాజు పట్టుబట్టా, బిచ్చగాని చింకిపాతా ఒకే గుడ్డ మీది రంగులు.

పదవ ప్రకరణం నాటకదీపం. నాట్యశాలలోని దీపం సభాపతినీ, సభ్యులనూ, నర్తకినీ ఏ తేడా లేకుండా వెలిగిస్తుంది. వారంతా వెళ్ళిపోయిన తరువాత కూడా అలాగే వెలుగుతుంది. సభాపతి అహంకారం, సభ్యులు విషయాలు, నర్తకి బుద్ధి, తాళం వేసేవారు ఇంద్రియాలు; ఆ దీపమే సాక్షి, అంటే మనసులో జరిగే ప్రతిదాన్నీ అంటకుండా చూసే ఎరుక. విద్యారణ్యులు ఇక్కడ చెప్పింది నాట్యశాల గురించే, తోలుబొమ్మల గురించి కాదు. అయినా చిత్రదీపంలోని గుడ్డా, నాటకదీపంలోని దీపమూ ఒకచోట కలిసి దర్శనమిచ్చేది తోలుబొమ్మల తెర దగ్గరనే. ఆ తెర వెనుక దీపం రాముని తోలు గుండా ఎంత వెలుగును పంపుతుందో కిళ్ళేక్యాత తోలు గుండానూ అంతే పంపుతుంది. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో గుహలో బంధితులు చూసే నీడలను అజ్ఞానానికి గుర్తుగా చెప్పి, వాటిని విడిచి బయటి సూర్యుని వైపు నడవమన్నాడు. విద్యారణ్యుల దృష్టాంతంలో మాత్రం ఎక్కడికీ పోవలసిన పని లేదు, బొమ్మను బొమ్మగా చూపుతున్న వెలుగును గుర్తుపడితే చాలు.

ఇక్కడ ఒక ఆక్షేపం తప్పక వస్తుంది. పరమార్థంలో దేవుడూ విదూషకుడూ ఒకే వెలుగు కావచ్చు గాని, వ్యవహారంలో, అంటే మనుషులు పూజలూ మర్యాదలూ పాటిస్తూ బతికే స్థాయిలో, తేడా ఉండవలసిందే కదా? ఈ ఆక్షేపం న్యాయమైనదే, అద్వైతం కూడా దీన్ని ఒప్పుకుంటుంది. నవ్వు శాపానికి దారితీసిన కథలు సంప్రదాయంలోనే ఉన్నాయి. తెలుగు ఇళ్ళలో ఏటా వినాయక చవితి నాడు చదివే వ్రతకథలో, వినాయకుని బొజ్జను చూసి చంద్రుడు నవ్వి శాపగ్రస్తుడవుతాడు. నాట్యశాస్త్రపు చివరి అధ్యాయంలో భరతుని కుమారులు విద్యాగర్వంతో ఋషులను వెక్కిరించే ప్రహసనాలు కట్టి, ఆ ఋషుల శాపానికి గురవుతారు. వ్యంగ్యచిత్రాల మీద నేడు నడిచే వివాదాలకు ఇంతకంటె పాత ఉదాహరణ భారతీయ వాఙ్మయంలో దొరకడం కష్టం. మరోవైపు విజయనగరపు కథల్లోనే తెనాలి రామకృష్ణుడున్నాడు. కాళికాదేవి వేయి తలలతో ప్రత్యక్షమైతే అతడు నవ్వుతాడు. తనకున్న ఒక్క ముక్కుకు జలుబు చేస్తేనే చీదలేక చస్తున్నానే, ఇన్ని ముక్కులున్న తల్లి గతేమిటని అంటాడు. అమ్మవారు శపించలేదు, తానూ నవ్వి అతణ్ణి వికటకవిగా దీవించిందని జనం చెప్పుకుంటారు.

ఈ మూడు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే తీర్పు ఎక్కడ మారిందో తెలుస్తుంది. చంద్రుడు తన అందపు ఎత్తు మీద నుంచి నవ్వాడు. భరతపుత్రులు తమ విద్య ఎత్తు మీద నుంచి నవ్వారు. రామకృష్ణుడు తన జలుబు ముక్కుతో మొదలుపెట్టాడు. నవ్వేవాడు తనను నవ్వుకు బయట ఉంచుకున్న చోట శాపం, తానే మొదటి లక్ష్యమైన చోట అనుగ్రహం. బొమ్మలాటవారి ఏర్పాటులో ఈ నియమం ఇంకా స్పష్టంగా ఉంది. కర్ణాటక వైపు ఈ కళను నడిపే సముదాయానికి ఉన్న పేరే కిళ్ళేక్యాత. అంటే తెర మీది వాటన్నిటిలోకీ వికారమైన బొమ్మకూ వారికీ పేరు ఒక్కటే. రాముణ్ణి పట్టుకున్న చేతులే ఆ బొమ్మనూ ఆడిస్తాయి, రాముని పద్యం పాడిన గొంతే ఆ మోటుమాటలనూ పలుకుతుంది. జావా దేశపు వాయాంగ్ నీడబొమ్మలాటలో సెమార్ అనే బొజ్జ సేవకుడు నిజానికి భూమికి దిగివచ్చిన దేవుడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. బళ్ళారి సీమ విదూషకునికి అటువంటి దైవజన్మ ఏదీ ఇవ్వలేదు. అతడు మనిషిగానే, ఆకలిగొన్న మనిషిగానే దేవుని పక్కన నిలబడ్డాడు. తత్త్వదృష్టితో చూస్తే ఇది జావా పరిష్కారం కంటె ధైర్యమైనది, ఎందుకంటే నవ్వుకు అర్హత సంపాదించడానికి ముందు దేవుడని రుజువు చేసుకోవలసిన అవసరాన్ని ఇది ఒప్పుకోదు.

అంత మాత్రాన ఈ హాస్యమంతా నిర్దోషమని చెప్పడం అసత్యమవుతుంది. బంగారక్క మీద పడే దెబ్బలు, ఆమె శరీరం చుట్టూ అల్లిన మోటు పరిహాసాలు, ఆమె తిరిగి ఎంత గట్టిగా బదులిచ్చినా, మగవారి సభ కోసం మగవారి గొంతు కల్పించినవిగానే చాలాసార్లు వినిపిస్తాయి. తనను తాను నవ్వుకోవడమన్న నియమాన్ని ఆ ఘట్టాలు పాటించవు. భార్యను నవ్వుల పాలు చేసి భర్త తప్పించుకుంటాడు. దీపం ఎవరి మీదనైనా సమానంగా పడుతుంది గాని, బొమ్మను పట్టుకున్న చెయ్యి సమానంగా ఉండాలన్న బాధ్యతను దీపం తీర్చదు. ఈ దృష్టితో చూసినప్పుడు కొప్పళ జిల్లా మోరనాళకు చెందిన భీమవ్వ దొడ్డబాళప్ప శిళ్ళేక్యాతరకు తొంభై ఆరేళ్ళ వయసులో 2025లో పద్మశ్రీ రావడం సన్మానాన్ని మించిన విషయం. ఈ ఆటలో స్త్రీలు ఎప్పుడూ పాడారు, బొమ్మలు ఆడించారు. వారి చేతిలో బంగారక్క ఏం మాట్లాడిందో, ఎక్కడ మాట మార్చిందో శ్రద్ధగా సేకరించి రాయవలసిన అవసరం ఇప్పటికీ తీరలేదు.

అచ్చు పుస్తకమూ, ఆ తరువాత తెరచిత్రమూ చేసిన మార్పు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1947లో మొదలైన చందమామ, 1967లో మొదలైన అమర్ చిత్రకథ దైవకథలను శ్రద్ధగా, గౌరవంగా, పిల్లల మనసులో చెరగని విధంగా చిత్రించాయి. బాపు ఒకే కుంచెతో రామాయణ దృశ్యాలనూ బుడుగు అల్లరినీ గీశారు. అయినా దేవుడు ఒక పుటలోనూ, నవ్వు మరొక పుటలోనూ స్థిరపడటం అచ్చు యుగపు అలవాటైంది. హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ సంస్థ 2008 నుంచి నడిపిస్తున్న ఛోటా భీమ్ వంటి యానిమేషన్ కథలు పురాణపు పేరును పిల్లవాడి స్నేహితునిగా మార్చాయి. అది మంచి పనే. కాని అక్కడ నవ్వు ఎక్కువగా ఓడిపోయేవారి మీద, తిండిపోతుల మీద, మోసగాళ్ళ మీద పడుతుంది. బెంగళూరు, హైదరాబాదుల్లో జరిగే కామిక్ కాన్ ఉత్సవాలలో యువకులు తమకిష్టమైన పాత్రల వేషాలు వేసుకుని తిరుగుతారు. బళ్ళారి, రాయలసీమ ఊళ్ళలో బుడగ జంగాలు వేసే పగటివేషాలకు ఇది దూరపు చుట్టమే. పగటివేషగాడు దేవుని వేషంలో వచ్చి దీవించి, మరునాడు కోమటి వేషంలోనో కరణం వేషంలోనో వచ్చి అదే ఇంటివారిని నవ్విస్తాడు. ఒకే ఒంటి మీద రెండూ నిలిచే ఈ అలవాటును నగరపు ఉత్సవాలు ఇంకా నేర్చుకోవలసి ఉంది.

ఇటీవలి కాలంలో ఈ కళకు గుర్తింపు వచ్చింది. బళ్ళారికి చెందిన బెళగల్లు వీరణ్ణ రామాయణంతో పాటు గాంధీ జీవితాన్నీ తోలుబొమ్మలతో ఆడించి, 2023లో కన్నుమూశారు. సరిహద్దుకు ఇవతల ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ పనే జీవనాధారమైన కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. అక్కడి తోలు దీపపు గుమ్మటాలు, గోడ పటాలు దూరదేశాలకు పోతున్నాయి. కాని రాత్రంతా సాగే ఆట అరగంటకో గంటకో కుదించుకుపోయింది. వేదిక మీద సమయం తక్కువైనప్పుడు నిర్వాహకులు ముందుగా తీసివేసేది విదూషకుల ఘట్టాన్నే. మోటుతనం సభామర్యాదకు సరిపడదన్నది వారి సంశయం, దైవకథకు అది అనవసరమన్నది వారి నమ్మకం. ఒకప్పుడు వాన కురవకపోతే, పశువులకు రోగమొస్తే, ఊరంతా చందా వేసుకుని ఈ ఆటను మొక్కుబడిగా ఆడించేది. ఆ ఊరివారు రామరావణ యుద్ధాన్ని మాత్రమే కొనుక్కుని కిళ్ళేక్యాతను మానేయలేదు. వాన కోసం చేసే ఆ క్రతువులో తమ ఆకలి, తమ తగువులు, తమ కక్కుర్తి కూడా దేవుని ఎదుట దీపపు వెలుగులో పడవలసిందేనని వారి లెక్క. కత్తిరించిన ఆటను చూసి బడిపిల్లలు రామకథ తెలుసుకుంటారు, అందులో సందేహం లేదు. వారికి తెలియకుండా పోయేది ఆ కథ ముందు తమ స్థానం ఎక్కడన్నది. వేదిక నిర్వాహకులు ఆ ఘట్టాన్ని తిరిగి చేర్చాలా వద్దా అన్నది కాలపరిమితితో తేలే విషయంగా చూస్తున్నంత కాలం, తామొక మత సిద్ధాంతాన్ని నిర్ణయిస్తున్నామని గ్రహించకుండానే నిర్ణయిస్తున్నారు.